పూల ప్రదర్శనలో ఒంటరిగా తిరిగే పిల్లలతో ఎలా? (నా చింత బోన్సాయ్ కొమ్మ పోయింది)

కుండీలో_చింత | ఆదివారం, రాత్రి 10:52

ఇప్పుడే ఇంటికొచ్చాను. అన్నం సయించలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊళ్ళో మూడు రోజుల పూల ప్రదర్శన జరిగింది. బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్లు) విభాగంలో నా చింత పెట్టాను. దాని కథ పాత సభ్యులకు తెలుసు. మా నాన్నగారు పగిలిన పెరుగు కుండలో పాతిన గింజ అది. ఆయన పోయాక నేను కుండీ మార్చి, తీగ చుట్టి, కత్తిరించుకుంటూ పద్దెనిమిదేళ్ళు సాకాను. శుక్రవారం రెండో బహుమతి కూడా వచ్చింది. ఈ సాయంత్రం పక్క బల్ల దగ్గర ఎవరికో మట్టి మిశ్రమం గురించి చెబుతుంటే టప్‌మని చప్పుడైంది. తిరిగి చూస్తే ఆరేడేళ్ళ బాబు. ఎడమ వైపు కింది కొమ్మ మొత్తం వాడి చేతిలో ఉంది. చెట్టు అందమంతా ఆ కొమ్మే.

అరిచాను. గట్టిగానే అరిచాను. వాడు బిక్కచచ్చిపోయి "చింతకాయలున్నాయేమో అని చూశా" అన్నాడు. వాళ్ళమ్మ బంతిపూల ఆర్చి దగ్గర ఫొటోలు దిగుతోంది. కాసేపటికి వచ్చి "చిన్నపిల్లాడండీ, చెట్టే కదా, మళ్ళీ వస్తుంది" అంది. అక్కడ నాకు తిక్క రేగింది. మాటా మాటా పెరిగి, నిర్వాహకులు వచ్చి సర్దిచెప్పారు.

నా ప్రశ్నలు రెండు. కొమ్మ అతుకుతుందా? వచ్చే ఏడు మళ్ళీ పెట్టాలంటే, పెద్దవాళ్ళు పక్కన లేని పిల్లల్ని ఏం చెయ్యాలి? నా చెట్టు నేను చూసుకోవాలా, వాళ్ళ పిల్లల్ని కూడా నేనే చూసుకోవాలా?

---

కడియం_నర్సరీ | ఆదివారం, రాత్రి 11:20

అయ్యో అక్కా. పూర్తిగా ఊడి చేతికొచ్చిన కొమ్మ అతకదు, ఆశ పెట్టుకోకండి. ఒక పక్క బెరడు పట్టుకుని వేలాడుతుంటే మాత్రం బెరడుకి బెరడు కలిసేలా నొక్కి, అంటు కట్టే టేపుతో బిగించి, రెండు నెలలు కదపకుండా గాలి తగలని చోట ఉంచితే ఒక్కోసారి బతుకుతుంది.

మీ దానికి ఇప్పుడు చెయ్యాల్సింది గాయం శుభ్రం చెయ్యడం. పీచులు పీచులుగా ఉన్న చోట పదునైన కత్తితో నున్నగా కోసి, పైన శిలీంద్రనాశిని ముద్ద పూయండి. కొన్ని వారాలు ఎరువు వెయ్యకండి, కుండీ మార్చకండి. పాపం అని నీళ్ళు ఎక్కువ పొయ్యకండి, చాలామంది చేసే తప్పు అదే. చింత మొండి చెట్టు. ఎండలు ముదిరాక మోడు దగ్గరే కొత్త చిగురు పుట్టొచ్చు.

---

బాల్కనీ_రైతు | సోమవారం, ఉదయం 7:05

ఇందులో చర్చ ఏముంది? జరిమానా వెయ్యాలి. గేటు దగ్గరే "మీ పిల్లలు ఏం విరగ్గొట్టినా మీదే ఖర్చు" అని బోర్డు పెట్టాలి. నేను నిరుడు ఎడీనియం (ఎడారి గులాబీ) తీసుకెళ్తే రెండు రోజుల్లో పూలన్నీ కోసుకుపోయారు. పదేళ్ళ లోపు పిల్లల్ని బోన్సాయ్ వైపు రానివ్వకపోతే సరి.

---

ఇద్దరు_పిల్లల_తల్లి | సోమవారం, ఉదయం 9:48

చింత గారూ, "చెట్టే కదా" అన్న మాట తప్పే. నేనైతే కాళ్ళు పట్టుకునేదాన్ని. కానీ రెండో వైపు కూడా వినండి.

ఈ ప్రదర్శనలకు మమ్మల్ని రమ్మన్నది ఎవరు? పోస్టరు మీద "కుటుంబ సమేతంగా" అని ఉంటుంది. పిల్లలకు బొమ్మలు గీసే పోటీ, బెలూన్లవాడు, పీచుమిఠాయి అన్నీ పెడతారు. లోపలికి వెళ్తే కూర్చోవడానికి కుర్చీ ఉండదు. చంటిది చంకలో, సంచి భుజాన, ఆయనేమో బండి పెట్టే చోటు కోసం అరగంట తిరుగుతుంటాడు. ఆ హడావుడిలో పెద్దాడి చెయ్యి ఒక్క నిమిషం వదలని తల్లి ఉంటే నాకు చూపించండి.

ఇంకోటి. ఆ బాబు అన్న మాట మళ్ళీ చదవండి. చింతకాయల కోసం వెతికాడు. వాడికి చింత చెట్టు తెలుసు! ఆకు చూసి గుర్తుపట్టాడు. మా అపార్టుమెంటు పిల్లల్లో ఒక్కడికీ తెలియదు. నాకైతే వాణ్ణి తిట్టబుద్ధి కావట్లేదు.

---

బాల్కనీ_రైతు | సోమవారం, ఉదయం 10:02

> వాణ్ణి తిట్టబుద్ధి కావట్లేదు

మీ చెట్టు కాదు కాబట్టి.

---

కుండీలో_చింత | సోమవారం, ఉదయం 10:30

ఆకు చూసి గుర్తుపట్టాడని నాకు తట్టనే లేదు. నిన్న రాత్రంతా ఆ చప్పుడే వినపడింది.

---

మేష్టారు_తోట | సోమవారం, మధ్యాహ్నం 1:15

ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళో పనిచేశాను, ఇప్పుడు మిద్దె మీద వంగ, బెండ పెంచుకుంటున్నాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

"ముట్టుకోకు" అన్న మాట పిల్లలకు సగమే వినిపిస్తుంది. చివరి "కు" పోయి "ముట్టుకో" మిగులుతుంది. నవ్వకండి, ఎన్నో ఏళ్ళుగా చూశాను. ఏం చెయ్యకూడదో చెబితే చెయ్యి అక్కడే ఆగిపోతుంది, దానికి వేరే పని దొరకదు. "చేతులు వెనక్కి కట్టుకుని చూడు, ఈ చెట్టులో ఎన్ని గూళ్ళు కట్టొచ్చో లెక్కపెట్టు" అంటే చేతులకూ కళ్ళకూ కూడా పని దొరుకుతుంది.

వయసును బట్టి కూడా తేడా ఉంటుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు మాటలు చెప్పి లాభం లేదు, వస్తువును వాళ్ళకు అందకుండా పెట్టడమొక్కటే దారి. బాల్కనీ గారు భయపడేది ఆరేడేళ్ళ వాళ్ళ గురించి, కానీ నిజానికి వాళ్ళతోనే తేలిక. ఒక్కసారి పేరు అడిగి పలకరిస్తే మన మనిషైపోతారు. నాకు భయం పదకొండు, పన్నెండేళ్ళ మగపిల్లలు నలుగురు కలిసి వస్తే. ఒక్కొక్కడూ విడిగా బంగారమే. నలుగురైతే మాత్రం "ముట్టుకో చూద్దాం" అనే పందెం మొదలవుతుంది. అప్పుడు అందులో పెద్ద నాయకుణ్ణి పట్టుకుని, చేతికో బ్యాడ్జీ ఇచ్చి, "ఈ బల్ల నీ బాధ్యత, ఎవరైనా చెయ్యి పెడితే నాకు చెప్పు" అనాలి. మా బడి సైన్సు ప్రదర్శనలో ఏటా అత్యంత అల్లరివాడే కాపలాదారు. ఒకడైతే తనిఖీకి వచ్చిన విద్యాధికారి చెయ్యి కూడా పట్టుకుని ఆపేశాడు. ఆయన నవ్వేశారు, నా గుండె మాత్రం జారిపోయింది.

---

కొలువు_బామ్మ | సోమవారం, మధ్యాహ్నం 3:40

మేష్టారూ, మీరు చెప్పింది మా ఇంట్లో బొమ్మల కొలువులో ఎప్పటి నుంచో ఉన్నదే.

మా అత్తగారి కాలం నాటి కొండపల్లి దశావతారాలు ఉన్నాయి నా దగ్గర. తెల్ల పొణికి కర్ర కదా, దూదిలా తేలిక, పిల్లాడి మోచెయ్యి తగిలితే చాలు పడిపోతాయి. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి చింతగింజల మక్కుతో (జిగురు ముద్దతో) అతికిస్తారు కాబట్టి పడితే ముందు ఊడేది అక్కడే. అయినా నలభై ఏళ్ళలో పోయింది ఒక్క వామనుడి గొడుగు.

ఎందుకంటే మెట్ల మీద బొమ్మలు నావి, కింద నేల మీద పార్కు పిల్లలది. వారం ముందే ఆవాలు, మెంతులు వాళ్ళ చేతే మట్టిలో చల్లిస్తాను. మొలకలొచ్చి పచ్చగా లేస్తాయి. అందులో వాళ్ళ ప్లాస్టిక్ కార్లు, ఆవులు, అద్దం ముక్కతో చెరువు పెట్టుకుంటారు. పేరంటానికి వచ్చిన పిల్లలందరూ ఆ పార్కు దగ్గరే బోర్లా పడుకుంటారు, పై మెట్ల వైపు ఎవరూ చూడరు. మీ పూల ప్రదర్శనలో పిల్లలది అనే చోటు ఏదమ్మా? అన్నీ చూడ్డానికేనా?

---

కమిటీలో_ఒకడు | సోమవారం, రాత్రి 9:10

నేను వేరే ఊరి ఉద్యాన సంఘంలో ఏడేళ్ళుగా ఏర్పాట్లు చూస్తున్నాను. పని చేసినవీ, చెయ్యనివీ చెబుతాను.

ఒకే తాడు కడితే ఉపయోగం లేదు. అది పెద్దవాళ్ళ నడుము ఎత్తులో ఉంటుంది, పిల్లలు కిందనుంచి దూరిపోతారు. పిల్లవాడి ఛాతీ ఎత్తులో రెండో తాడు ఉండాలి. తాడుకూ బల్లకూ మధ్య పెద్దమనిషి చెయ్యి చాచినా అందనంత, ఒక మూడడుగులు వదలండి. బల్ల లోతుగా ఉంటే మంచి చెట్లు వెనక వరసకు. బోన్సాయ్ కుండీని బల్లకు కట్టేయండి. నీళ్ళు పోయే కంత గుండా అల్యూమినియం తీగ దూర్చి బల్లకు బిగిస్తే గుంజినా కుండీ దొర్లదు. కొమ్మ విరగడం ఒక ఎత్తు, పదిహేను కిలోల కుండీ పిల్లాడి కాలి మీద పడటం ఇంకో ఎత్తు. మా టెన్షన్ ఎప్పుడూ రెండోదే.

బల్ల గుడ్డ నేల దాకా వేలాడదీయకండి. పిల్లలకు అదొక గుడారం. గుడ్డ లాగితే పైనున్నవన్నీ కిందికే.

ఫొటో తీసుకునే ఆర్చి ఎక్కడ పెట్టారన్నది అన్నిటికన్నా ముఖ్యం. చింత గారి విషయంలో ఆర్చి బోన్సాయ్ పక్కనే ఉన్నట్టుంది. అమ్మానాన్నలు ఫొటోల్లో పడితే పిల్లలు పక్కకు జారుకుంటారు. మేం దాన్ని బయటికి వెళ్ళే దారి చివరకు మార్చాం, సగం గొడవ తగ్గింది. మిగతా సగం సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య. బడి జట్లను పొద్దునే రమ్మంటాం, తరగతికొక టీచరు వెంట ఉండాల్సిందే.

పని చెయ్యనిది బోర్డు. "ముట్టరాదు" అని ఎర్ర అక్షరాలతో రాశాం. చదవడం రాని వాళ్ళే కదా ముట్టుకునేది!

---

బెంగుళూరు_మల్లె | సోమవారం, రాత్రి 10:25

మా బెంగుళూరు లాల్‌బాగ్ తోటలో గణతంత్ర దినానికీ, ఆగస్టు 15కీ జరిగే ప్రదర్శనలు చూసినవాళ్ళకు కమిటీ గారి మాట తేలిగ్గా అర్థమవుతుంది. 1889లో పునాదిరాయి వేసిన అక్కడి గాజుమేడలో మధ్యన పెద్ద పూల నిర్మాణం, చుట్టూ కంచె, జనం ఒకే దిక్కుగా కదలాలి. ఎవరూ ఆగరు, ఆగనివ్వరు. పిల్లలు తప్పిపోతారేమో గానీ పూలు మాత్రం భద్రం.

కానీ అందులో ఆనందం లేదండీ. మా అమ్మాయి అడిగింది, "అమ్మా, వాసన ఎప్పుడు చూడనిస్తారు?" అని.

---

డల్లాస్_కరివేపాకు | మంగళవారం, తెల్లవారుజామున 4:30

జరిమానా గురించి బాల్కనీ గారు అన్నారు కాబట్టి ఇక్కడి కథ చెబుతాను. 2018లో కాన్సాస్ రాష్ట్రంలో ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్ళో, నగరపాలక సంస్థ హాల్లో పెట్టిన శిల్పాన్ని ఐదేళ్ళ బాబు పట్టుకుంటే పడిపోయింది. బీమా కంపెనీ తల్లిదండ్రులకు 1,32,000 డాలర్లకు ఉత్తరం పంపింది. జనం రెండుగా చీలిపోయారు. పిల్లాడు పట్టుకుంటేనే పడిపోయేలా ఎందుకు పెట్టారు, బిగించలేదేం, అన్నది తల్లిదండ్రుల వైపు వాదన. నాకు అందులో కొంత న్యాయం కనిపించింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 2024 ఆగస్టులో ఇజ్రాయెల్‌లోని హైఫాలో, హెక్ట్ మ్యూజియంలో నాలుగేళ్ళ బాబు లోపల ఏముందో చూద్దామని కూజా లాగాడు. అది 3,500 ఏళ్ళ నాటిది, ముక్కలైంది. వాళ్ళు గాజు పెట్టె లేకుండా కావాలనే అలా పెడతారట, జనానికి దగ్గరగా ఉండాలని. ఆ కుటుంబాన్ని తిట్టకపోగా మళ్ళీ రమ్మని పిలిచారు. కూజాను అతికించారు కూడా. చైనాలో 2016లో ఒకాయన మూడు రోజులు కష్టపడి లెగో ముక్కలతో చేసిన మనిషంత నక్క బొమ్మను, ప్రదర్శన తెరిచిన గంటకే ఒక చిన్నపిల్లాడు తోసేశాడు. ఆయన డబ్బు తీసుకోలేదు, క్షమాపణ చాలన్నాడు.

ఆ చివరి సంగతి నాకు గుర్తుండిపోయింది. చింత గారికీ కావలసింది డబ్బు కాదనుకుంటాను.

---

కుండీలో_చింత | మంగళవారం, ఉదయం 8:15

కాదు. "అయ్యో" అని ఒక్క మాట అని ఉంటే ఇంత రాసేదాన్నే కాదు. ఎలాగూ దరఖాస్తు ఫారం మీద "ప్రదర్శించే వస్తువుల భద్రత యజమానులదే" అని ఉంది, సంతకం చేసిందీ నేనే. పద్దెనిమిదేళ్ళకు ఎంతని వెల కట్టను?

---

పెంపకం_ముఖ్యం | మంగళవారం, ఉదయం 9:00

[ఈ వ్యాఖ్య తొలగించాం. పిల్లల తల్లి మీద వ్యక్తిగత దూషణలు వద్దు. – నిర్వహణ]

---

కడియం_నర్సరీ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అందరూ చెట్టుకు పిల్లల వల్ల ప్రమాదం అంటున్నారు. పిల్లలకు చెట్ల వల్ల ప్రమాదం గురించి ఒకరైనా మాట్లాడరేం?

బాల్కనీ గారూ, మీ ఎడీనియం పూలు కోసిన పిల్లలు ఆ చేతులతోనే పీచుమిఠాయి తిని ఉంటారు. ఎడీనియం పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాలకు పూసేవాళ్ళు. గన్నేరు కూడా అంతే, ఆకు నమిలితే గుండె మీదికి వస్తుంది. యుఫోర్బియా పాలు కంట్లో పడితే మంటకు కళ్ళు తెరవలేం. ఇళ్ళల్లో అందరూ పెట్టుకునే డిఫెన్‌బేకియా ఆకు పిల్లలు కొరికితే నోరూ నాలుకా వాచిపోతాయి. పెద్ద ముళ్ళ కాక్టస్‌ని చూస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే దూరం జరుగుతారు. చుక్కలు చుక్కలుగా మెత్తగా, కుందేలు చెవుల్లా కనిపించే నాగజెముడు రకం ఉంది చూశారా, దాన్నే నిమురుతారు. కంటికి కనపడని నూగు ముళ్ళు వందల్లో దిగుతాయి. రుద్దకండి, గట్టిగా అంటుకునే టేపు వేసి లాగితే చాలావరకు వస్తాయి.

ఇలాంటివి ఏ ప్రదర్శనలోనైనా ముందు వరసలో పెట్టారంటే ఆ తప్పు తల్లిది కాదు. పాలు మింగినా, కంట్లో పడినా ఇంటి వైద్యం వద్దు, నీళ్ళతో కడిగి నేరుగా ఆసుపత్రికి, మొక్క పేరు రాసి పంపాలి.

---

బాల్కనీ_రైతు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఎడీనియం పాలు విషమని నాకు తెలియదు. నిజంగా తెలియదు. నా దాన్ని ముందు వరసలో, అంచునే పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి.

---

వరంగల్_వాము_ఆకు | మంగళవారం, సాయంత్రం 6:20

పిల్లల మీద పడ్డరు గానీ పెద్దోళ్ళ సంగతేంది? పోయినసారి మా స్టాల్లో ఆరు రకాల మనీ ప్లాంటు పెట్టినం. సాయంత్రానికి ఒక్కదానికీ కొసలు లేవు. మంచిగ పట్టుచీర కట్టుకున్న పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగుల నుంచి నా కొమ్మ బయటికి చూస్తున్నది. అడిగితే "దొంగిలించిన మొక్కే బాగా బతుకుతది బిడ్డా" అన్నది! పిల్లగాడు విరిచిండంటే తెల్వక విరిచిండు.

---

కొలువు_బామ్మ | మంగళవారం, సాయంత్రం 6:45

ఆ మాట నిజమే నాయనా. నా కనకాంబరాలు కూడా అలా వచ్చినవే. 🙏

---

ఇద్దరు_పిల్లల_తల్లి | బుధవారం, ఉదయం 11:00

కమిటీ గారిని ఒకటి అడగాలి. పిల్లాడు ఒంటరిగా కనపడితే మీరు ఏం చేస్తారు? కొందరు రెక్క పట్టుకుని లాక్కెళ్తారు, అది మాత్రం ఏ తల్లీ ఊరుకోదు.

---

కమిటీలో_ఒకడు | బుధవారం, మధ్యాహ్నం 2:30

రెక్క పట్టుకోకూడదమ్మా, మీ కోపం న్యాయమే. మా వాలంటీర్లకు చెప్పేది ఇది. పిల్లాడికీ బల్లకీ మధ్య మనం నిలబడాలి, వాడి ఎత్తుకు కూర్చోవాలి. "అమ్మ వేసుకున్న చీర ఏ రంగు?" అని అడగాలి. "మీ అమ్మ ఎక్కడ?" అంటే ఏడుస్తాడు, రంగు అడిగితే వెతకడం మొదలుపెడతాడు. ఎక్కడికీ తీసుకెళ్ళం, ఉన్నచోటే ఉంచుతాం. ఇద్దరు వాలంటీర్లు ఉండాలి, ఒకరు వాడి దగ్గర, ఒకరు మైకు దగ్గరికి. మైకులో పిల్లాడి పేరు, బట్టల రంగు చెప్పం. ఎవడైనా విని "మావాడే" అని వస్తే? "పిల్లలతో వచ్చినవాళ్ళు ఒకసారి చూసుకోండి, వేదిక దగ్గరికి రండి" అంటాం. వచ్చినవాళ్ళే పేరు చెప్పాలి.

తల్లి వచ్చాక పాఠం చెప్పకూడదు. ఇది మాత్రం నేనే సరిగ్గా పాటించను.

---

కుండీలో_చింత | పదకొండు నెలల తర్వాత

ఈ చర్చను పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. మొన్న మళ్ళీ మా ఊరి ప్రదర్శన అయింది. ఈసారి ఏర్పాట్ల కమిటీలో నన్ను వేశారు, నోరున్నదానికి పని చెప్పడం అంటే ఇదే.

బామ్మగారి పార్కు నా బుర్రలో నిలిచిపోయింది. గేటు దగ్గరే ఒక పొట్టి బల్ల వేయించాను, పిల్లల నడుము ఎత్తుకి. దాని మీద అత్తిపత్తి నాలుగు కుండీలు, వాము ఆకు, నిమ్మగడ్డి, మరువం, దవనం, ఒక ట్రే నిండా రణపాల. బోర్డు మీద "ఇక్కడ ముట్టుకోవచ్చు" అని రాయించాం. అత్తిపత్తి ముడుచుకోవడం చూడ్డానికి వరస కట్టారు. గంటకోసారి కుండీలు మార్చాల్సి వచ్చింది, పాపం అది మళ్ళీ విచ్చుకోవడానికి టైము కావాలి కదా. వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక రణపాల ఆకు ఇచ్చాం. తడి మట్టి మీద పడేస్తే అంచుల నుంచి పిల్లమొక్కలు వస్తాయని చెప్పాం. ఆ ఆకు చేతిలో ఉన్నంతసేపు వాళ్ళు ఇంకోటి ముట్టుకోలేదు. ఇది మేం అనుకున్నది కాదు, అలా కుదిరింది.

మేష్టారి బ్యాడ్జీలు కూడా పెట్టాం. ఆరుగురిలో ఇద్దరు గంటలోపే విసుగొచ్చి వెళ్ళిపోయారు. ఒక పాప మాత్రం మూడు రోజులూ వచ్చింది, నన్ను కూడా నా చెట్టు ముట్టుకోనివ్వలేదు.

నష్టం లేదా అంటే ఉంది. గులాబీల్లో రెండు పూలు పోయాయి. రణపాల ట్రే ఆఖరి రోజు ట్రేతో సహా మాయం. తీసుకెళ్ళింది పిల్లలైతే కాదు, ఆ ట్రే మోయాలంటే ఇద్దరు కావాలి.

---

వరంగల్_వాము_ఆకు | అదే రోజు

పట్టుచీర పెద్దమ్మ మీ ఊరికి వచ్చినట్టున్నది 😄

---

ఇద్దరు_పిల్లల_తల్లి | అదే రోజు

కమిటీ గారు చెప్పిన ఆ కింది తాడు మీరూ కట్టే ఉంటారు, దానికి స్తంభాలు ఎక్కడ దొరికాయి? మా అపార్టుమెంటు సంక్రాంతి ముగ్గులకు కావాలి.

---

కుండీలో_చింత | అదే రోజు

టెంట్ హౌస్ వాళ్ళ దగ్గర పెద్దవాళ్ళ ఎత్తువే ఉన్నాయి. మేం ఖాళీ పెయింటు బకెట్లలో సిమెంటు పోసి, రెండున్నర అడుగుల పీవీసీ పైపులు నిలబెట్టాం. పైపుకు కంత చేసి నవారు దూర్చాం. తాడైతే మెడకు ఒరుసుకుంటుంది, నవారే వాడండి.

---

కడియం_నర్సరీ | మరునాడు

అక్కా, అన్నీ చెప్పారు గానీ చింత సంగతి చెప్పలేదు. చిగురేసిందా?

---

కుండీలో_చింత | మరునాడు

ఏప్రిల్లో వేసింది. రెండు కొమ్మలు, ఇప్పుడు పెన్సిలు లావు. కానీ మోడుకు వెనక వైపు వచ్చాయి. చాలా రోజులు కుండీని ఇటూ అటూ తిప్పి చూసుకుని, చివరికి వెనక వైపునే ముందుకు మార్చేశాను. బహుమతి రాలేదు.